ఉప్పునీటి గట్ల మీద ఒక పాత జీపు

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. జువాలజీలో ఎమ్మెస్సీ చేసిందట. రొయ్యల మేత తయారుచేసే కంపెనీలో టెక్నికల్ ఆఫీసర్‌గా ఉద్యోగం వచ్చేలా ఉందట. ఇంటర్వ్యూలో ఏమడుగుతారు మేడం అంది. ఏమడుగుతారో నాకు తెలియదు గానీ, నేనయితే ఒకటే అడుగుతాను, స్టెప్నీ మార్చడం వచ్చా అని చెప్పాను. నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ ఉద్యోగం నేను ఇరవై ఏళ్ళు దాటి చేశాను. ఆ మధ్య కంపెనీ మా బ్రాంచి మూసేస్తూ, స్వచ్ఛందంగా వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోవచ్చని మర్యాదగా మెడపట్టి గెంటితే ఇంటికొచ్చాను. ఆర్డర్ల మీద ఉన్న పేరు టెక్నికల్ ఆఫీసర్. చెరువుల నీళ్ళు పరీక్ష చెయ్యడం, రొయ్యకి జబ్బేమైనా ఉందేమో చూడడం, రైతుకి సలహా చెప్పడం. ఇవన్నీ కాలేజీలో నేర్పుతారు. చెరువు దగ్గరికి చేరడమెలాగో ఎవరూ నేర్పరు. నా ఉద్యోగంలో సగం అదే.

జీపు

కంపెనీ నాకిచ్చింది ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు. ఎవరో వేలంలో వదిలించుకున్నది. దానితో పాటు సూరిబాబు అనే డ్రైవరు. మొగల్తూరు మనిషి. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద, ఏడో తరగతితో చదువు ఆపేశాడు.

మొగల్తూరు వైపు చెరువు గట్లు చూడనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. అది నల్లమట్టి. ఎండలో ఇనుము, వానలో సబ్బు. మామూలు కారు ఒక జల్లు పడితే చాలు, అడ్డం తిరిగి చెరువుకేసి చూస్తుంది. అందుకని నాలుగు చక్రాలూ తిరిగే బండి కావాలి. ఇక ఉప్పు. అక్కడ గాలిలో ఉప్పు, నీళ్ళలో ఉప్పు, బురదలో ఉప్పు. ఏడాది పట్టించుకోకపోతే జీపు అడుగున రేకు పెసరట్టులా ముక్కలై చేతికొస్తుంది.

రిపేరుకి హెడ్డాఫీసు అనుమతి కావాలి. అనుమతి వచ్చేలోపు రొయ్య పెరిగి పెద్దదై, వలేసి పట్టి అమ్మే పట్టుబడి కూడా అయిపోయేది. నరసాపురంలో ఒక షెడ్డుకి తీసుకెళ్తే అక్కడి మెకానిక్కు నాతో మాట్లాడేవాడు కాదు, నా భుజం మీదుగా సూరిబాబుతో మాట్లాడేవాడు.

"మేడం గారూ, మీరెందుకండి ఈ నూనెల్లో, డ్రైవర్ని పంపెయ్యండి, చాలు" అన్నాడొకసారి.

"డ్రైవర్ని పంపితే గ్రీజు కొట్టకుండానే కొట్టామంటున్నావు కదా బాబూ. అందుకే నేనొచ్చాను."

"ఎంత మాటండి!"

"చిన్న మాటే. పెద్దది ఇంటి దగ్గర పెట్టొచ్చాను."

ఆ తరవాత షెడ్డుకి వెళ్ళడం మానేశాను. ఒక పాత సర్వీసు పుస్తకం సంపాదించాను. పానాల సెట్టు సొంతంగా కొన్నాను. ఆదివారాలు మా ఆఫీసు వెనక రేకుల షెడ్డులో నేనూ సూరిబాబూ జీపు కింద దూరేవాళ్ళం. పుస్తకం నేను చదివేదాన్ని. చెయ్యి అతను పెట్టేవాడు. తరవాత్తరవాత నేనూ పెట్టాను. బ్రేకు షూలు మార్చడం, చక్రాల బేరింగులు కడిగి గ్రీజు నింపడం, క్లచ్చు సరిచెయ్యడం వచ్చాయి. ఆడమనిషి జీపు కింద పడుకుందని చూడ్డానికి మేతబస్తాలు దింపే కూలీలు వచ్చి నిలబడేవాళ్ళు. చూడ్డానికి వచ్చినవాడి చేతికి టార్చిలైటు ఇచ్చి పట్టుకోమనేదాన్ని. రెండో వారం నుంచి ఎవరూ రాలేదు.

నాకు గర్వం పట్టింది ఆ రోజుల్లోనే. చేతికి నూనె అంటిన చదువుకున్నవాళ్ళకి ఒక రకం పొగరు వస్తుంది. చదువూ మాదే, పనీ మాదే అనిపిస్తుంది. ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళు ఉప్పుకంటే ముందు దానికి భయపడాలి.

మేనేజరు గారి పొదుపు

మా మేనేజరు గారి గురించి ఒక్క సంగతి చెబితే చాలు. జీపు ఎక్కువ డీజిలు తాగుతోందని ఆయనకి దిగులు. ఎవరో చెప్పారట, ముందు చక్రాలకి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి పక్కన పెడితే మైలేజీ పెరుగుతుందని. మన జిల్లాల్లో జీపులున్న సగం మంది చేసే పనే ఇది. ఫోర్ వీల్ బండి కొంటారు, దాన్ని టూ వీల్ చేసుకుంటారు, ఫోర్ వీల్ వేసే లివరు మాత్రం సీటు పక్కన అలాగే ఉంచుకుంటారు.

"మనమేమైనా హిమాలయాలు ఎక్కుతున్నామా అమ్మా? విప్పించెయ్యండి" అన్నారు.

వాదించాను. వాదించడంలో నాకు పేరుంది. అయినా విప్పించారు. వానలు మొదలైన వారానికే హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దాయన చెరువులు చూడ్డానికొచ్చాడు. గట్టు మధ్యలో జీపు కూరుకుపోయింది. మేనేజరు గారు ముందు సీట్లోంచి చాలా దర్జాగా "ఫోర్ వీల్ వెయ్యి సూరిబాబూ" అన్నారు. విప్పించింది తానేనని ఆయనకి అప్పుడు గుర్తులేదు.

"ఏత్తానండి. ఎయ్యడానికేం, లివరుంది కదండి" అన్నాడు సూరిబాబు. వేశాడు. వెనక చక్రాలు ఇంకో జానెడు దిగాయి.

చివరికి ఆ చెరువు యజమాని రాజుగారు ట్రాక్టరు తెచ్చి లాగించారు. పెద్దమనిషి, మాటలో వెటకారం లేకుండా మంచినీళ్ళు కూడా అడగరు. "ఏంటండీ ఇది, లివరుందీ, పని లేదూ. మా సొసైటీ ప్రెసిడెంటు గారిలాగే ఉందండి మీ జీపు" అన్నారు. హెడ్డాఫీసు ఆయనకి అర్థం కాలేదు. మా మేనేజరుకి అర్థమైంది.

మర్నాడు షాఫ్టు మళ్ళీ మేమే బిగించాం. అక్కడ నేనొక తప్పు చేశాను. షాఫ్టు రెండు ముక్కలు ఒకదాన్లో ఒకటి దూరతాయి. దూర్చేటప్పుడు రెండు చివర్లా ఉన్న కొక్కేల్లాంటి యోకులు ఒకే వరసలో ఉండాలి. నేను చూసుకోకుండా దూర్చాను. ఫోర్ వీల్ వేసి కాస్త వేగం పెంచేసరికి జీపంతా గజగజలాడింది. సూరిబాబు దిగి, కిందకి ఒక్కసారి చూసి, "మెలిపడిందండి" అన్నాడు. విప్పి, తిప్పి, బిగించాం. నవ్వుకున్నాం. ఆ తప్పుకి ఎవరికీ నష్టం లేదు. అందుకే అది నాకేమీ నేర్పలేదు.

కాలవ రేవు

ఇప్పుడు అసలు సంగతి.

ఉప్పు గట్ల మీద తిరిగిన బండిని ఆ రోజే మంచినీళ్ళతో కడగాలి. బకెట్లతో కడిగితే అడుగు తడవదు. అందుకని అక్కడ అందరూ చేసేదేమిటంటే, సాయంత్రం బండిని తిన్నగా కాలవ రేవులోకి దింపేస్తారు. ట్రాక్టర్లూ, జీపులూ, మేత వ్యాన్లూ వరసగా. ఇరుసులు మునిగేదాకా దింపి, పావుగంట ఉంచి, ముందుకీ వెనక్కీ రెండుసార్లు ఆడించి ఎక్కిస్తారు. మేమూ అంతే.

కొన్నాళ్ళకి వెనక ఇరుసు గొట్టంలో నూనె మార్చబోతే, నూనె బదులు పాలెక్కువైన కాఫీలాంటిది కారింది. లోపలికి నీళ్ళు వెళ్తున్నాయి. కొత్త నూనె పోశాం. నెల తిరిగేసరికి మళ్ళీ కాఫీ. అలా వదిలేస్తే లోపలి పళ్ళచక్రాలు అరిగిపోతాయి.

ఆ ఇరుసు గొట్టం పైన వేలిగోరంత మూత ఉన్న చిన్న రంధ్రం ఉంటుంది. పుస్తకంలో దాన్ని బ్రీదరు అన్నారు. సూరిబాబు ఊపిరి బొక్క అనేవాడు. బండి నడుస్తుంటే లోపల నూనె వేడెక్కుతుంది, గాలి ఉబ్బుతుంది. ఆ గాలి బయటికి పోవడానికి ఆ దారి. వేడి మీద ఉన్న ఇరుసుని చల్లటి కాలవలో ముంచితే లోపలి గాలి ముడుచుకుని, అదే దారిలో నీళ్ళని పీల్చుకుంటుంది.

నేనేం చేశానంటే, ఆ బ్రీదరు విప్పేసి, ఆ రంధ్రంలో ఒక బోల్టు బిగించేశాను. దారం మీద టేపు కూడా చుట్టాను, చుక్క దిగకుండా.

సూరిబాబు పక్కనే కూర్చుని చూశాడు. "వద్దండి మేడం గారూ. కంపెనీవోళ్ళు ఆ బొక్క ఊరికే పెట్టరు కదండి. దానికి ఊపిరాడాలండి."

"ఊపిరాడ్డానికి అదేమైనా మనిషా?"

"అది కాదండి. రేవులో దింపేముందు అరగంట చల్లారనిద్దారండి. లేపోతే ఓ రబ్బరు పైపు తగిలించి పైకి, సీటు కిందకి తెచ్చి కట్టేద్దాం. నీళ్ళందవు. గాలీ ఆడుద్ది."

అరగంట ఆగే ఓపిక నాకు లేదు. నా ఆలోచన కంటే అతని ఆలోచన బాగుందని ఒప్పుకునే గుణం అంతకంటే లేదు. ఒక మాటన్నాను. "సూరిబాబూ, నువ్వెంతవరకు చదివావు?" అన్నాను.

"ఏడండి" అన్నాడు.

"నేను పదిహేడు" అన్నాను. పానా తిప్పి బిగించాను.

తరవాత నెల నూనె చూస్తే తేనెలా ఉంది. చుక్క నీరు లేదు. పిలిచి మరీ చూపించాను. "బాగుందండి" అన్నాడు. అంతే.

ఊపిరి మూసేసిన ఇరుసులో ఏం జరుగుతుందో పుస్తకంలో ఉంది. నేను చదవలేదు, ఎందుకంటే నాకు తెలుసనుకున్నాను. లోపల ఉబ్బిన గాలికి పోయే దారి లేకపోతే, అది చక్రాల దగ్గరుండే ఆయిల్ సీళ్ళని తోసుకుని నూనెని బయటికి నెడుతుంది. ఆ నూనె వెళ్ళి పడేది బ్రేకు షూల మీద. రెండు వైపులా ఒకేసారి పడితే బ్రేకు తగ్గుతుంది, డ్రైవరుకి తెలుస్తుంది. ఒక వైపే పడితే బ్రేకు కొట్టినప్పుడు బండి రెండో వైపుకి లాగేస్తుంది. వెడల్పు రోడ్డు మీద అది చికాకు. గట్టు మీద అలా కాదు.

ఆ రోజు

ఎండాకాలం. పొద్దున్నే సూరిబాబు ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"వెనక కుడి చక్రం దగ్గర నూనె వాసనొత్తందండి. బ్రేకు కొడితే ఎడమకి లాగుతుంది. ఇయ్యాల విప్పి చూద్దారండి."

"ఇవాళ నువ్వు నాలుగు చెరువుల నీళ్ళ శాంపిల్స్ తేవాలి. రేపు చూద్దాం."

"నెమ్మదిగా ఎల్తానండి మరి."

"నెమ్మదిగా వెళ్తే నీళ్ళు వేడెక్కి శాంపిల్స్ పాడవుతాయి. తొందరగా తీసుకురా."

ఇవి నేనన్న మాటలే. నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

మధ్యాహ్నం రాజుగారి చెరువు గట్టు మలుపులో ఒక గేదె అడ్డొచ్చింది. సూరిబాబు బ్రేకు కొట్టాడు. జీపు ఎడమకి లాగేసి, గట్టు దిగి, పక్కకి ఒరిగి చెరువులో పడింది. అతని కుడిచెయ్యి భుజం దగ్గర విరిగింది. ట్యాంకులోని డీజిలంతా చెరువులో కలిసింది. ఆ చెరువు పట్టుబడికి పది రోజులుంది. మర్నాటికి రొయ్య తెల్లగా తేలింది.

రాజుగారు గట్టు మీద నిలబడి సూరిబాబుని తిట్టిన తిట్లు చుట్టుపక్కల నాలుగు చెరువుల వాళ్ళూ విన్నారు. తాగి నడిపావురా అన్నారు. అతనికి తాగుడు లేదని ఆయనకీ తెలుసు.

మర్నాడు జీపుని గట్టు మీదకి లాగించారు. ఇన్సూరెన్సు మనిషి వస్తున్నాడన్నారు. ఆయన రాకముందే నేను వెళ్ళాను. కిందకి దూరాను. బోల్టు విప్పాను. సామాను పెట్టెలో దాచిన పాత బ్రీదరు తీసి దాని చోట బిగించాను. బోల్టు చెరువులోకి విసిరాను. మొత్తం ఐదు నిమిషాల పని. అప్పటికి నా చెయ్యి బాగా తిరిగింది కదా.

బయటికి వచ్చి చూస్తే సూరిబాబు నిలబడి ఉన్నాడు. చెయ్యి మెడకి కట్టుకుని, జీపులో ఉండిపోయిన లైసెన్సు కోసం వచ్చాడు. నన్ను చూశాడు, నా చేతిలో పానా చూశాడు.

"చున్నీకి నూనంటిందండి మేడం గారూ" అన్నాడు. లైసెన్సు తీసుకుని వెళ్ళిపోయాడు.

మూడో రోజు ఆఫీసులో విచారణ అన్నారు. మేనేజరు గారు, రాజుగారు, నేను, ఎదురుగా కుర్చీ ఇవ్వకుండా నిలబెట్టిన సూరిబాబు.

"బ్రేకు ఎడమకి లాగిందండి" అన్నాడు.

"అంతకుముందు నీకు తెలీదా? తెలిస్తే ఎందుకు చెప్పలేదు?" అన్నారు మేనేజరు గారు.

"చెప్పానండి."

"ఎవరికి?"

సూరిబాబు నా వైపు చూడలేదు. కింద గచ్చుకేసి చూస్తూ ఆగాడు. నేను చెప్పడానికి నాకు వదిలిన జాగా అది. చాలాసేపు వదిలాడు.

ప్రతిదానికీ నోరు చేసుకునేదాన్ని. మేనేజరుతో, హెడ్డాఫీసుతో, మెకానిక్కులతో, బస్సు కండక్టర్లతో. ఆ రోజు నేనన్నది ఒకే వాక్యం: "బండి కండిషన్ చూసుకోవడం డ్రైవరు బాధ్యత."

"అవునండి. నా బాధ్యతేనండి" అన్నాడు సూరిబాబు. ఆ సాయంత్రమే అతని ఉద్యోగం పోయింది. అతను కాంట్రాక్టు మనిషి. కాగితం కూడా అక్కర్లేకపోయింది.

తరవాత

నాకేమీ కాలేదు. కొత్త జీపు వచ్చింది, కొత్త డ్రైవరు వచ్చాడు. ఆ కుర్రాడితో నేనెన్నడూ జీపు కింద దూరలేదు.

సూరిబాబుకి మళ్ళీ ఎవరూ బండి ఇవ్వలేదు. భుజం అతుక్కుంది గానీ చెయ్యి పూర్తిగా పైకి లేవదు. చెయ్యి సంగతి ఎలా ఉన్నా, చెరువులో జీపు దింపినవాడన్న పేరు ముందు వెళ్ళేది. పెళ్ళి వ్యాన్లకి, అంబులెన్సుకి, ఆఖరికి కోళ్ళ ఆటోకి కూడా అడిగాడట. "చెరువు సూరిబాబా? వద్దులే" అనేవారట. చివరికి రాజుగారే తన చెరువుల మీద మేత వేసే పనికి పెట్టుకున్నారు. పొద్దున ఆరింటి నుంచి తెప్ప మీద తిరుగుతూ మేత చల్లాలి. పదిహేనేళ్ళు స్టీరింగు పట్టిన మనిషి.

ఇల్లు చేరాక నాకు తీరిక దొరికింది. తీరిక మంచిది కాదు. కిందటి ఏడాది మొగల్తూరు వెళ్ళాను. చెరువుల దగ్గర టీ కొట్టులో రాజుగారూ, మరో నలుగురు రైతులూ ఉన్నారు. కుర్చీ వేయించారు, టీ చెప్పారు. కూర్చోగానే చెప్పేశాను. బోల్టు సంగతి, పొద్దున్న అతను చెప్పిన సంగతి, నేను కిందకి దూరి విప్పిన సంగతి, అంతా.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత రాజుగారు నవ్వారు.

"ఎంత మంచి మనసండి మీది! ఇన్నేళ్ళయ్యాక కూడా డ్రైవర్ని ఎనకేసుకొస్తున్నారు."

"వెనకేసుకురావడం కాదండి. తప్పు నాదే."

"మీరలాగే అంటారండి. చదువుకున్నవాళ్ళ సంస్కారం అది" అన్నాడు పక్కనున్నాయన. "మా వాళ్ళయితే పనోడి మీద తోసేసి ఊరుకుందురు."

ఎంత చెప్పినా అంతే. చెప్పినకొద్దీ నా మంచితనం పెరిగిపోతోంది. లేచి గట్టు మీదకి వెళ్ళాను. సూరిబాబు తెప్ప కట్టేసి మేత తట్ట దించుతున్నాడు, ఎడం చేత్తో. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి తువ్వాలు దులిపి గట్టు మీద పరిచాడు, కూర్చోమని. కూర్చోలేదు. కొట్టులో చెప్పిందంతా చెప్పాను, వాళ్ళు నమ్మలేదనీ చెప్పాను.

విన్నాడు. తట్టలో మిగిలిన మేత సంచిలోకి ఒంపాడు.

"అప్పుడు చెప్తే నాకు బండుండేదండి. ఇప్పుడు చెప్పారు, మీకు పేరొచ్చింది" అన్నాడు. కోపంగా అనలేదు. టైరులో గాలి తగ్గిందండి అన్నట్టు అన్నాడు. తెప్ప తాడు విప్పి రెండో చెరువు వైపు వెళ్ళిపోయాడు.

తిరిగి కొట్టు దగ్గరికి వచ్చాను. "ఏమన్నాడండీ సూరిబాబు? దణ్ణం పెట్టాడా?" అన్నారు రాజుగారు.

అతనన్నది ఉన్నదున్నట్టు చెప్పాను, రెండు ముక్కలూ. ఈసారి ఎవరూ నవ్వలేదు. పక్కనున్నాయన బీడీ పారేసి ఎటో చూశాడు. నేను అరగంట చెప్పి నమ్మించలేకపోయింది వాళ్ళు అప్పుడు నమ్మారు.

"అయితే ఆ రోజు గట్టు మీద నేను వాణ్ణన్న మాటలు..." అని ఆగిపోయారు రాజుగారు.

"నన్ననాల్సినవండి. ఇప్పుడనండి, వింటాను" అన్నాను.

ఆయన నోరు తెరిచారు. నాకేసి చూశారు. నా కళ్ళద్దాలూ, చేతిలో బ్యాగూ చూశారు. డీజిలు కలిసి చచ్చిన పంటంతా ఆయన మొహంలో ఒకసారి కనబడింది. మళ్ళీ సర్దుకున్నారు.

"టీ చల్లారిపోతుందండి మేడం గారూ" అన్నారు.